పాత అల్యూమినియం పడవ, మూడు సొట్టలు: కర్నూలు షెడ్డులో ఒక మరమ్మతు కేసు

ఈ కేసు రాయడానికి పడవ యజమాని ఒప్పుకున్నారు. ఆయన పేరు, ఊరు, పడవ మీది నంబరు, అది ఒకప్పుడు ఎవరి చేతిలో ఉండేదన్న వివరాలు ఇందులో ఉండవు. కొలతలు మాత్రం నా నోటుపుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. మధ్యలో నేను చేసిన తప్పు కూడా రాస్తున్నాను. సొట్ట పడిన అల్యూమినియం రేకు గురించి నాకు తెలిసిన అసలు సంగతి ఆ తప్పు తర్వాతే బోధపడింది.

నేపథ్యం

నాది బస్సు బాడీలు కట్టే పని. కర్నూలులో ఇరవై ఆరేళ్లుగా అల్యూమినియం రేకు కోస్తున్నాను, వంచుతున్నాను, రివెట్లు కొడుతున్నాను. పడవలు ఎప్పుడూ ముట్టుకోలేదు. ఈ ప్రాంతంలో ఆ అవసరం కూడా తక్కువ. తుంగభద్ర మీద, కృష్ణ వెనుక జలాల మీద జాలర్లు వాడేది పుట్టి అనే గుండ్రటి బుట్టపడవ. కేసీ (కర్నూలు-కడప) కాలువను 1860లలో తవ్వినప్పుడు సాగునీటితో పాటు పడవల రాకపోకలు కూడా ఉద్దేశమే. ఆ రాకపోకలు ఆగిపోయి తరాలు గడిచాయి. కాబట్టి లోహపు పడవకు సొట్ట పడితే ఇక్కడ ఎవరి దగ్గరకు వెళ్లాలో ఎవరికీ తెలియదు. రివెట్లు కొట్టేవాడిని కదా అని నా దగ్గరకు తెచ్చారు.

పడవ పొడవు 18 అడుగులు. 1960లలో తయారైందని యజమాని చెప్పారు, కట్టుబడి చూస్తే నమ్మదగ్గ మాటే. ఎక్కడా ఒక్క వెల్డింగు లేదు, అంతా రివెట్ల పనే. అడుగు రేకు 2.5 మిల్లీమీటర్లు, పక్క రేకు 2 మిల్లీమీటర్లు. మధ్యలో పొడవునా వెన్నుపట్టె, దానికి అడ్డంగా 450 మిల్లీమీటర్లకొకటి చొప్పున అడ్డపట్టెలు. అడుగు రేకు, పక్క రేకు కలిసే చోట పొడవునా మూలపట్టె. వెన్నుపట్టె నుంచి మూలపట్టె దాకా అడుగు రేకు వెడల్పు దాదాపు 500 మిల్లీమీటర్లు. ఈ 500 అనే అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

దెబ్బ తిన్న రేకులు తీసేసి కొత్తవి వేయించుకోమని చాలామంది ఆయనకు సలహా ఇచ్చారు. డబ్బు లెక్కన అదే తేలిక. ఆయన ఒప్పుకోలేదు. “రేకు మారిస్తే అది వేరే పడవ అవుతుంది మేస్త్రీ. నాకు ఈ పడవే కావాలి” అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. 1967లో ఇంగ్లండులోని కోనిస్టన్ సరస్సులో మునిగిన బ్లూబర్డ్ కె7 అనే వేగపు పడవను 2001లో పైకి తీశారు. నలిగిపోయిన దాని అసలు రేకులను వీలైనంతవరకు విప్పి, సాపు చేసి, తిరిగి వాడుకుని 2018లో మళ్లీ నీటి మీద నడిపారు. ముప్పై ఏళ్లకు పైగా నీటి అడుగున ఉన్న రేకునే దక్కించుకోగలిగినప్పుడు, మూడు సొట్టల కోసం పడవ చర్మం వలిచేయడం న్యాయం కాదనిపించింది.

యజమాని చెప్పిన బాధ

ఆయన మొదట సొట్టల గురించి మాట్లాడలేదు, శబ్దం గురించి మాట్లాడారు. పడవ వేగం అందుకోగానే అడుగున డబడబమని మోగుతోందని, ఎక్కినవారు బెదిరిపోతున్నారని, రెండు గంటల ప్రయాణంలో పాదం తడిసేంత నీరు ఊరుతోందని చెప్పారు. సొట్టలు నేను చూపిస్తే, “అవి ఎప్పటినుంచో ఉన్నాయి” అన్నారు.

మూడు సొట్టలకు మూడు కథలు. ఒక్కొక్కటిగా అడిగి రాసుకున్నాను. సొట్ట ఎలా పడిందో తెలియకుండా ఎలా తీయాలో నిర్ణయించలేం.

మొదటిది ముందు భాగంలో, ఎడమవైపు అడుగున. పొడవు 450, వెడల్పు 300, లోతు 22 మిల్లీమీటర్లు. అంచులు నున్నగా, పళ్లెంలా ఉంది. ఇది దెబ్బ తగిలి పడింది కాదు. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. వేసవిలో నీరు తగ్గేకొద్దీ ఒడ్డు రోజురోజుకూ వెనక్కి జరుగుతుంది, సంగమేశ్వరం గుడి కూడా అప్పుడే బయటపడుతుంది. కట్టేసి వదిలిన పడవ కింద నీరు మెల్లగా తప్పుకుని, పడవ ఒక గుండు మీద కూర్చుంది. ఇంజను బరువుతో సహా అలాగే వారాల తరబడి ఉండిపోయింది.

రెండోది కుడివైపు, మూలపట్టెకు ఆనుకుని. లారీలోకి ఎక్కించేటప్పుడు గొలుసు కోసిన గాటు. పొడవు 180, లోతు 9 మిల్లీమీటర్లే, కానీ కత్తితో మడిచినట్టు పదునుగా ఉంది.

మూడోది నడిమి భాగంలో. ఇక్కడ సొట్ట కనిపించదు, పైన పుట్టీ, రంగు నున్నగా ఉన్నాయి. అరచేతితో నొక్కితే లోపలికి టప్‌మని పోయి, వదిలితే టప్‌మని బయటికి వస్తుంది. అంతకుముందు కార్ల టింకరింగ్ చేసే ఒకరు దీన్ని బాగుచేశారట. శబ్దం ఆ తర్వాతే మొదలైందని, గుచ్చి అడిగితే గుర్తు చేసుకుని చెప్పారు.

రంగు తీయడం, రేకు రకం తెలుసుకోవడం

పడవను బోర్లించి పాత టైర్ల మీద పెట్టాం. రంగు తీయడానికి ఇసుక కొట్టించమన్నారు కొందరు. ఒప్పుకోలేదు. పలుచని అల్యూమినియం మీద ఇసుక కొడితే ప్రతి రేణువూ ఒక చిన్న సుత్తి దెబ్బే, ఆ వైపు రేకు సాగి అలలు తేలుతుంది. క్షారం లేని రంగు తీసే మందు పూసి ప్లాస్టిక్ చెక్కతో గీకాం. ఆరు రోజులు పట్టింది.

మూడో సొట్ట మీద పుట్టీ 4 మిల్లీమీటర్ల మందం ఉంది. దాని కింద రేకు నిండా ఇనుప సుత్తి గుర్తులు, అర్ధరూపాయి బిళ్లలు పరిచినట్టు. వాటి మధ్య ఐదు ఇనుప స్క్రూలు. ప్రతి స్క్రూ చుట్టూ తెల్లని పొడి, పొడి కింద గుంట. అల్యూమినియం, ఇనుము ఆనుకుని నీటిలో ఉంటే విద్యుత్ ఘటంలా పనిచేస్తాయి, అందులో కరిగిపోయేది అల్యూమినియమే. నీటి ఊటలో సగం అక్కడినుంచే వస్తోంది.

తర్వాత రేకు రకం. ఇది తెలియకుండా మంట దగ్గరికి వెళ్లకూడదు. రాగి కలిసిన మిశ్రమమైతే ఒక తీరు, మెగ్నీషియం కలిసినదైతే ఇంకో తీరు. పడవ లోపల కనిపించని మూలలో గోరంత మేర మెరిసేదాకా రుద్ది, కాస్టిక్ సోడా ద్రావణం ఒక చుక్క వేశాను. రాగి ఉంటే ఆ చోటు నల్లబడుతుంది. నిమిషాలు గడిచినా నల్లబడలేదు. కడిగి తుడిచాను. బస్సు పనికి వాడే, మెగ్నీషియం కలిసిన 5052 రకం రేకు పక్కన పెట్టి, రెండింటి మీదా ఒకే స్ప్రింగు పంచితో గుర్తు కొట్టి చూస్తే గుంటలు దాదాపు సమానం. మెగ్నీషియం కుటుంబమేనన్న అంచనాతో ముందుకు వెళ్లాను.

ఈ అంచనా వల్ల ఒక పెద్ద నిర్ణయం తేలిపోయింది. ఈ కుటుంబపు రేకుకు గట్టిదనం ఫ్యాక్టరీలో రోలర్ల మధ్య నలగడం వల్ల వస్తుంది. 345 డిగ్రీల దగ్గర ఆ గట్టిదనం పోతుంది, రేకు వంగకుండా నిలిచే బలం సగానికి పైగా పడిపోతుంది. వేడి చేసి దాన్ని తిరిగి తేలేం. కాబట్టి మంటను అప్పు తెచ్చుకున్న డబ్బులా వాడాలి అనుకున్నాను. అనుకున్నమాట మీద నిలబడలేదు, అది ముందు ముందు వస్తుంది.

మొదటి సొట్ట: రేకును వదిలి పట్టెను చూడటం

లోపలినుంచి బాటిల్ జాకీ, దాని మీద పడవ వంపుకు సరిపడా చెక్కిన వేపదిమ్మ, దిమ్మ మీద ఇసుక నింపిన తోలుసంచి. సొట్ట నడిమధ్యకు పెట్టి ఎత్తాను. నడుమ లేచింది, చుట్టూ ఉన్న గట్టు అలాగే ఉంది. పళ్లెం మధ్యలో బొడిపె మొలిచినట్టయింది. ఇంకో రెండు పంపులు కొడితే ఆ బొడిపె దగ్గర రేకు సాగేదే. జాకీ దించేశాను.

ఆ సాయంత్రం మా మేనమామ షెడ్డుకు వచ్చారు. ఆయన పాతబస్తీలో నలభై ఏళ్లు ఇత్తడి బిందెలు సాపు చేసిన మనిషి, ఇప్పుడు చూపు మందగించింది. పడవ చుట్టూ తిరిగి, సొట్ట మీద అరచేయి మెల్లగా జరుపుతూ చాలాసేపు నిలబడ్డారు. చివరికి, “బిందె సొట్టకు ఎప్పుడైనా గట్టు దగ్గర మొదలుపెడతాం అల్లుడా, గుంట దగ్గర కాదు. ఇక్కడ గట్టు కన్నా ముందు లోపల ఏదో పట్టుకుని ఉంది. రేకు రావాలనే చూస్తోంది, అది రానివ్వడం లేదు” అన్నారు.

లోపల దీపం పెట్టి చూస్తే నిజమే. సొట్ట మీదుగా వెళ్లే అడ్డపట్టె వంగి ఉంది. నేను దాన్ని ముందే చూశాను, రేకు లేస్తే దానితో పాటు పట్టె కూడా లేస్తుందిలే అనుకున్నాను. తలకిందుల ఆలోచన అది. బరువు వారాల తరబడి మెల్లగా పడినప్పుడు రేకు పెద్దగా సాగదు, వంగుతుంది. పట్టె వంగి అలాగే నిలిచిపోతే, తిరిగి రావాలనుకునే రేకును రివెట్లు పట్టి ఉంచుతాయి.

ఆ పట్టెకు రేకును కలిపే 11 రివెట్ల తలలు డ్రిల్లుతో తీసి, కాడలు మెల్లగా తట్టి బయటికి పంపాం. పదకొండోది ఊడగానే బొంగురు శబ్దంతో రేకు లేచింది. తిన్నని బద్ద పెట్టి కొలిస్తే లోతు 9 మిల్లీమీటర్లు. ఒక్క సుత్తి దెబ్బ లేకుండా 13 మిల్లీమీటర్లు దానంతటదే తిరిగి వచ్చింది.

పట్టెను విడిగా తీసి సరిచేశాం. మిగిలిన 9 మిల్లీమీటర్లకు మామ చెప్పిన పద్ధతే. కింద తోలుసంచితో జాకీ కొద్దిగా ఒత్తి పట్టి, పైన గట్టు మీద తోలు చుట్టిన చెక్కతో తడుతూ బయటి అంచు నుంచి లోపలికి చుట్లు తిరిగాను. సొట్ట పడేటప్పుడు చివర ఏర్పడింది గట్టే, పోయేటప్పుడు మొదట పోవలసింది అదే. ఇనుముతో పోలిస్తే అల్యూమినియం మూడింతలు సులువుగా వంగి అంతే సులువుగా వెనక్కి వస్తుంది, కాబట్టి ప్రతిసారీ కావాల్సిన చోటు కాస్త దాటించి వదలాలి. రెండు రోజుల్లో 2 మిల్లీమీటర్లకు వచ్చింది.

అక్కడ ఆపేశాను. యజమాని వేలితో తడిమి, “ఇంకాస్త ఉంది కదా” అన్నారు. ఉంది. దాన్ని తీయాలంటే కింద ఇనుప దిమ్మ ఆనించి పైన కొట్టాలి. రెండు గట్టి వస్తువుల మధ్య నలిగిన రేకు పలుచబడి వైశాల్యం పెరుగుతుంది. అలా చేస్తే ఏమవుతుందో మూడో సొట్ట దగ్గరకు తీసుకెళ్లి, నొక్కి వినిపించాను. ఆయన మళ్లీ అడగలేదు.

మూడో సొట్ట: నా తప్పు

సాగిన రేకును కుదించాలి. ఇనుప రేకు అయితే నాకు అలవాటైన పని. ఒక చుక్క మేర ఎర్రగా కాలుస్తాం. చుట్టూ చల్లగా ఉన్న లోహం దాన్ని పక్కలకు వ్యాపించనివ్వదు, అది తనలో తాను దళసరి అవుతుంది. తడిగుడ్డ వేయగానే చల్లబడి కుదించుకుంటుంది.

అదే ఇక్కడ చేశాను. ఎర్రబడటం కోసం చూడకూడదని తెలుసు. అల్యూమినియం రంగు మారదు, 600 డిగ్రీలు దాటగానే చెప్పాపెట్టకుండా కరగడం మొదలుపెడుతుంది. బట్టల సబ్బు రుద్ది, అది ముదురు గోధుమరంగుకు తిరిగేదాకా కాల్చి, తడిగుడ్డ వేశాను. అలా మూడు చుక్కలు.

మూడో చుక్క అయ్యాక రేకు ముందుకన్నా వదులైంది. చుట్టూ కొత్తగా అలలు వచ్చాయి. ఈ రేకు మామూలు ఇనుప రేకు కంటే రెండున్నర రెట్లకు పైగా వేడిని పాకిస్తుంది. నేను చుక్క కాలుస్తున్నాననుకున్నాను, నిజానికి జానెడు మేర కాలింది. చుట్టూ పట్టి ఉంచాల్సిన లోహం కూడా వేడెక్కి మెత్తబడింది, ఇక కుదింపు ఎక్కడిది? ఈ పద్ధతిలో అల్యూమినియాన్ని కుదించగల నేర్పరులు ఉన్నారు. నాలుగు వైపులా రివెట్లతో బిగించిన రేకు మీద నా చేతిలో అది కుదరలేదు. అంతకన్నా బాధ కలిగించింది వేరే ఉంది: అరవై ఏళ్లు గట్టిగా నిలిచిన రేకును జానెడు మేర నేనే బలహీనం చేశాను. ఆ రోజే యజమానికి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. పని నాలుగు రోజులు ఆపేశాను.

తెల్లవారుజాము రేకు, మధ్యాహ్నపు రేకు

మే మొదటి వారం. నిద్ర పట్టక ఒకరోజు ఐదున్నరకే షెడ్డుకు వెళ్లాను. రేకు మీద చేయి వేసి నొక్కితే మోగలేదు. గట్టిగా నొక్కితేనే కదిలింది. అదే రేకు ముందురోజు మధ్యాహ్నం వేలు పెడితే టప్‌మంది. రేకు మారలేదు, వేడి మారింది.

ఆ రోజంతా కొలిచాను. మెరిసే అల్యూమినియం మీద పరారుణ థర్మామీటరు తప్పు చూపిస్తుంది, అందుకని రేకు మీద, అడ్డపట్టె మీద నల్ల టేపు ముక్కలు అంటించి, వాటి మీద కొలిచాను. బోర్లించిన పడవకు ఎండ రేకు మీదే పడుతుంది, పట్టెలు కింద నీడలో ఉంటాయి. తెల్లవారుజామున రెండింటికీ తేడా లేదు. ఒంటిగంటకు రేకు పట్టెకన్నా 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది. ఉబ్బు ఎత్తు తెల్లవారుజామున 4 మిల్లీమీటర్లు, ఒంటిగంటకు 8.

ఇక్కడ 500 మిల్లీమీటర్ల వెడల్పు పనికొచ్చింది. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి మీటరుకు 0.023 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అర మీటరు రేకు 20 డిగ్రీలకు 0.23 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు చివరలూ బిగించి ఉన్నాయి కాబట్టి ఆ పెరుగుదల ఉబ్బుగా లేస్తుంది. ఉబ్బు ఎత్తు నుంచి అదనపు పొడవును లెక్కకట్టే సూత్రం తేలికైనదే: ఎత్తు వర్గాన్ని ఎనిమిదితో గుణించి, వెడల్పుకు మూడింతలతో భాగించాలి. 4 మిల్లీమీటర్ల ఉబ్బుకు 0.085 వచ్చింది. 8 మిల్లీమీటర్లకు 0.34. రెండింటి తేడా దాదాపు 0.26, వేడి లెక్క చెప్పిన 0.23కు దగ్గరే.

కాగితం మీద ఆ అంకె చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇంత శబ్దం చేస్తున్న రేకులో నిజంగా ఎక్కువైంది మిల్లీమీటరులో పదో వంతు కూడా కాదు! దాని కోసం నేను గ్యాసు మంట వాడాను. సొట్ట తీసేవాడు కంటితో లోతునే చూస్తాడు. పొడవులో వచ్చిన తేడా కంటికి కనబడదు, కానీ రేకు మోగించేది అదే.

పని చేసిన దారి

కుదించలేకపోతే, ఆ అదనపు పొడవును బయటికి జరిపేయవచ్చు. రేకు చివర మూలపట్టె మీద ఉంది. అక్కడి రివెట్లు విప్పితే రేకు జరుగుతుంది. జరిగాక రేకులోని రంధ్రం, పట్టెలోని రంధ్రం కలవవు. ఎంత మేర కలవవు? గరిష్ఠంగా 0.34 మిల్లీమీటర్లు. పాత రివెట్టు 4 మిల్లీమీటర్లది, తర్వాతి సైజు 4.8. రంధ్రాన్ని ఆ సైజుకు పెంచితే ఒక్కో వైపు 0.4 మిల్లీమీటర్లు తొలుస్తుంది. ఆ తేడా మొత్తం కొత్త రంధ్రంలో కలిసిపోతుంది. రంధ్రం నడుమ నుంచి రేకు అంచుకు కనీసం రివెట్టు వ్యాసానికి రెండింతల దూరం ఉండాలి, అంటే 9.6 మిల్లీమీటర్లు. కొలిస్తే 12 ఉంది. కట్టినవారు ఉదారంగా అంచు వదిలారు, వారికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

మూలపట్టె పొడవునా 22, రెండు అడ్డపట్టెల మీద చెరి 10, మొత్తం 42 రివెట్లు విప్పాం. ఐదు ఇనుప స్క్రూలనూ తీసి, తుప్పు గుంటలు శుభ్రం చేశాం.

ఎప్పుడు బిగించాలన్నది తర్వాతి ప్రశ్న. బస్సు పనిలో పక్క రేకును వేడి చేసి సాగి ఉండగా బిగించే పద్ధతి ఉంది. చల్లారాక డప్పు తోలులా బిగుస్తుంది. మా కుర్రవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకు, 20 డిగ్రీల తేడా ఉన్నప్పుడే కొట్టేద్దామన్నారు. నాకూ మొదట అదే తోచింది. లెక్క వేస్తే వద్దనిపించింది. 20 డిగ్రీల తేడాతో బిగించి చల్లారితే రేకులో చదరపు మిల్లీమీటరుకు మూడు కిలోలకు పైగా లాగుడు పుడుతుంది. రివెట్ల మధ్య దూరం 40, రేకు మందం 2.5, అంటే ఒక్కో రివెట్టు వాటాకు వంద చదరపు మిల్లీమీటర్లు, మూడు వందల కిలోలు దాటుతుంది. 4.8 మిల్లీమీటర్ల అల్యూమినియం రివెట్టు కోతకు తట్టుకునే హద్దు దాదాపు అంతే. పట్టెలు కొద్దిగా ఒంగి సర్దుకుంటాయి కాబట్టి నిజంగా అంత బరువు పడదు. అయినా నీటిలోకి దిగాక రేకు ఇంకా చల్లబడి ఇంకా బిగుస్తుంది, మీద అలల దెబ్బ వేరే. బస్సు రేకు తెగితే వాన నీరు కారుతుంది. పడవ రేకు తెగితే సంగతి వేరు.

అందుకే 7 డిగ్రీల తేడా ఎంచుకున్నాను. ఒక్కో రివెట్టుకు వంద కిలోల పైచిలుకు, అంటే హద్దులో మూడో వంతు. రోజూ చూస్తున్నాం కాబట్టి ఆ తేడా ఉదయం తొమ్మిది ప్రాంతంలో వస్తుందని తెలుసు. తొమ్మిదికి రేకును చేతులతో మూలపట్టె వైపు జరిపి, నాలుగు చోట్ల బిగింపులు పెట్టి, వరసగా కాకుండా నడుమ నుంచి రెండు వైపులకూ ఒకటి విడిచి ఒకటి కొట్టుకుంటూ పోయాం. మధ్యలో నీరు ఊరకుండా పాలిసల్ఫైడ్ సీలెంటు. పాప్ రివెట్లు వాడలేదు. వాటి నడుమ బోలు, నీటి కింద ఊరుతాయి. బయట గాలి సుత్తితో ఒకరు, లోపల వెల్లకిలా పడుకుని దిమ్మ పట్టుకుని ఇంకొకరు, గట్టి రివెట్లే కొట్టాం. తేడా 11 డిగ్రీలకు చేరగానే ఆపి, మిగిలినవి మర్నాడు ఉదయం పూర్తిచేశాం.

నేను మెత్తబరిచిన జానెడు మేర మాత్రం నమ్మకం కుదరలేదు. లోపలివైపు వెడల్పుకు సరిగ్గా నడుమ, రెండు అడ్డపట్టెల మధ్య, అదే రకం రేకుతో వంచిన బలపు పట్టె ఒకటి వేశాను. 500 వెడల్పు రేకు ఇప్పుడు రెండు 250లు అయింది. వెడల్పు సగమైతే, రేకు ఉబ్బడానికి నాలుగు రెట్లు ఎక్కువ ఒత్తిడి కావాలి. అసలు పడవలో లేని పట్టె ఇది, యజమానికి చూపించి, ఆయన ఒప్పుకున్నాకే వేశాను. పాతకాలపు వస్తువులో కొత్తగా చేర్చినది ఏదైనా దాచకూడదని నా అభిప్రాయం. ఆ పట్టె మీద తేదీ చెక్కాను.

రెండో సొట్ట

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు, కానీ చీలికను వెతకకుండా ఉంటే పెద్ద పొరపాటు జరిగేది. ఎర్రరంగు చొచ్చుకుపోయే ద్రవం పూసి, తుడిచి, తెల్లపొడి చల్లితే ఒక రివెట్టు రంధ్రం నుంచి 14 మిల్లీమీటర్ల ఎర్రగీత తేలింది. అది తెలియకుండా సుత్తితో తట్టి ఉంటే చీలిక పెరిగేది.

పదునుగా మడిచిన చోట రేకు అప్పటికే గట్టిపడి పెళుసెక్కి ఉంటుంది. అక్కడ మంట తప్పదు. అయితే ఈసారి ఎంత మేర వేడి పాకుతుందో నాకు తెలుసు. ఆ మేర మొత్తాన్ని లోపలినుంచి 2.5 మిల్లీమీటర్ల అతుకు రేకు కప్పేలా ముందే కొలిచి కోసి పెట్టుకున్నాను. మెత్తబడిన బలాన్ని అతుకు భర్తీ చేస్తుంది. సబ్బు గుర్తుతో ఒక్కసారి వేడి చేశాను. చల్లారాక గాటు రెండు చివరల నుంచి నడుమకు, లోపలివైపు చెక్క ఉలితో తట్టాను. చీలిక కొసన 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి ఆపి, సీలెంటుతో అతుకు రివెట్లు కొట్టాం. గాటు గుర్తు సన్నని గీతలా మిగిలింది, పుట్టీతో కప్పలేదు.

నీటి పరీక్ష, ఏడాది తర్వాత

పడవను వెల్లకిలా తిప్పి, టైర్ల మీద ఆనించి, లోపల జానెడు నీరు నింపాం. బయట రివెట్ల వరసలన్నింటికీ సుద్దపొడి పూశాం. తడి తగిలితే పొడి నల్లబడి చూపిస్తుంది. రాత్రంతా ఉంచితే మూడు చోట్ల తడి కనిపించింది. మూడూ మేము ముట్టుకోని పాత రివెట్లే, వాటినీ మార్చాం. తర్వాత రంగు లోహానికి పట్టేలా పూసే ఎచ్ ప్రైమరు, దాని మీద రంగు. నాచు పట్టకుండా పూసే రాగి రంగులు అల్యూమినియం మీద వద్దని యజమానికి కాగితం మీద రాసి ఇచ్చాను. రాగి తగిలితే ఇనుప స్క్రూల కథ ఇంకా వేగంగా జరుగుతుంది.

ఈ పని తర్వాత షెడ్డులో రెండు అలవాట్లు మారాయి. సొట్ట రేకు వస్తే ముందు దాని వెనుక పట్టెలకు బద్ద పెట్టి కొలుస్తున్నాం, రేకును తర్వాత. మోగే రేకు ఏదైనా తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలవకుండా ముట్టుకోవడం లేదు. బస్సు రేకుల్లో కూడా ఇది పనికొస్తోంది.

ఏడాది తర్వాత ఏప్రిల్‌లో నీరు తగ్గినప్పుడు ఒడ్డుకు వెళ్లి చూశాను. మొదటి సొట్ట 2 మిల్లీమీటర్ల దగ్గరే ఉంది. నడిమి రేకు మోగడం లేదు, యజమాని పడవ నడిపి వినిపించారు. అయితే లోపల నేను వేసిన బలపు పట్టె వెనుక కొసన ఒక రివెట్టు చుట్టూ నల్లని మసిగీత కనిపించింది. అది మసి కాదు, రివెట్టు సూక్ష్మంగా కదులుతూ అరిగిన అల్యూమినియం పొడి. పట్టెను అడ్డపట్టెకు కలపకుండా వేలెడు దూరంలో తెగ్గోసి ఆపేశాను, బలమంతా ఆ కొస రివెట్టు మీదే పడుతోంది. అక్కడే ఒడ్డున పట్టె కొసను ఏటవాలుగా కోసి, చిన్న మూలముక్కతో అడ్డపట్టెకు కలిపి, ఆ రివెట్టు మార్చాను. చుట్టూ సన్నని గీత గీసి తేదీ రాశాను. వానలు వెళ్లాక మళ్లీ చూడాలి.